సైటు నుంచి వెళ్లే మెయిల్ సైటు పేరుతోనే వెళ్లాలి: ప్లగిన్‌తో మెయిల్ సరిగ్గా పంపే పద్ధతి

సైటులో కాంటాక్ట్ ఫారం నింపి బటన్ నొక్కగానే "ధన్యవాదాలు, మీ సందేశం అందింది" అని ఆకుపచ్చ పెట్టె ఒకటి వస్తుంది. ఆ మాట నిజం కావాలంటే వెనకాల చాలా పని జరగాలి. చాలా సైట్లలో ఆ పని జరగడం లేదు. ఫారం నింపినాయన మన ఫోన్ కోసం ఎదురు చూస్తుంటాడు. షాపాయనేమో ఇంత ఖర్చుపెట్టి వెబ్‌సైటు పెట్టినా ఒక్కరూ అడగడం లేదని దిగులుపడుతుంటాడు. మధ్యలో మెయిల్ పోయిందని ఇద్దరికీ తెలియదు.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి గ్రానైట్ వాళ్లకీ, కావలి, నెల్లూరు షాపులకీ, ఉదయగిరి చెక్క స్పూన్లు అమ్మేవాళ్లకీ వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్) మీద సైట్లు చేస్తుంటాను. కొత్త సైటు చేసేటప్పుడైనా, ఎవరో చేసిన పాత సైటు చేతికొచ్చినప్పుడైనా నేను ముందు చూసేది మెయిలే. రంగులు, ఫోటోలు తర్వాత సంగతి. ఎంక్వైరీ చేరని సైటు వ్యాపారానికి ఎందుకూ పనికిరాదు. ప్లగిన్లు, అంటే వర్డ్‌ప్రెస్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు, పెట్టుకుని వాడేవాళ్లకి ఈ వ్యాసంలో ముందు సగం చాలు. సొంతంగా ప్లగిన్ రాసేవాళ్లు చివరిదాకా చదవండి.

"పంపాను" అంటే "చేరింది" అని కాదు

వర్డ్‌ప్రెస్‌లో మెయిల్ పంపే ఫంక్షన్ పేరు డబ్ల్యూపీ_మెయిల్. కాంటాక్ట్ ఫారం ప్లగిన్లు, ఆన్‌లైన్ షాపు నడిపే వూకామర్స్ ప్లగిన్, పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే లింకు, ఇవన్నీ మామూలుగా దాని గుండానే పోతాయి. అది లోపల పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీని వాడుతుంది. మనం వేరే ఏమీ చెప్పకపోతే ఆ లైబ్రరీ మెయిల్‌ని పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష)లోని మామూలు మెయిల్ ఫంక్షన్‌కి, అదేమో సైటు ఉండే హోస్టింగ్ సర్వర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది. సర్వర్ తీసుకుంది అనగానే ఫంక్షన్ "ట్రూ" అని చెప్పేస్తుంది, ఆకుపచ్చ పెట్టె వచ్చేస్తుంది. ఆ తర్వాత అవతలి సర్వర్ వెనక్కి కొట్టినా, స్పామ్‌లో పడేసినా, సర్వర్ బయటికే పంపకపోయినా మన ప్లగిన్‌కి తెలిసే దారి లేదు.

పైగా పంపినవారి అడ్రస్ మనం పెట్టకపోతే, వర్డ్‌ప్రెస్ సైటు డొమైన్ ముందు "వర్డ్‌ప్రెస్" అని తగిలించి ఒక అడ్రస్ తయారు చేసుకుంటుంది. ఆ పేరుతో మెయిల్‌బాక్స్ ఎవరూ తెరిచి ఉండరు. కస్టమర్ దానికి రిప్లై ఇస్తే ఆ జవాబు ఎవరికీ అందదు.

షేర్డ్ హోస్టింగ్‌లో ఇంకో సమస్య. ఒకే ఐపీ అడ్రస్ మీద వందల సైట్లు ఉంటాయి. వాటిలో ఒకటి హ్యాకై చెత్త మెయిళ్లు పంపితే ఆ ఐపీకి చెడ్డపేరు వస్తుంది, మన మెయిల్ కూడా అదే ఐపీ నుంచే పోతుంది. మనవైపు తప్పేమీ లేకపోయినా నష్టం మాత్రం మనకే. అందుకే హోస్టింగ్ సర్వర్ చేత నేరుగా మెయిల్ పంపించడం ఎంత చిన్న సైటుకైనా నేను ఒప్పుకోను.

ఫ్రమ్ ఎవరిది, రిప్లై-టు ఎవరిది

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: ఫారం నింపినవాళ్ల అడ్రస్‌ని ఫ్రమ్‌లో, అంటే పంపినవారి చోట, పెట్టకూడదు.

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఉన్న పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "ఏమ్మా, ఎగ్జిబిషన్‌లో కలిసిన పోలండ్ పార్టీ మన సైట్లో రాశామంటున్నారు. నాకేం రాలేదే! మా అబ్బాయి నింపితే వస్తోందిగా?" అన్నారు. సైటు తెరిచి ఫారం సెట్టింగులు చూస్తే ఫ్రమ్ గడిలో ఫారం నింపినవాళ్ల ఈమెయిల్ వచ్చేలా పెట్టి ఉంది. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. మెయిల్ తెరవగానే కస్టమర్ పేరు కనపడుతుంది, రిప్లై నొక్కితే నేరుగా ఆయనకే పోతుంది. కానీ పోలండ్ ఆయనది యాహూ అడ్రస్. యాహూ 2014 ఏప్రిల్‌లోనే ప్రపంచానికంతా చెప్పేసింది: మా అడ్రస్ పేరుతో మా సర్వర్ల నుంచి కాకుండా వేరే చోటినుంచి మెయిల్ వస్తే తీసుకోవద్దు, తిప్పికొట్టండి అని. ఎక్కడో ఉన్న హోస్టింగ్ సర్వర్ యాహూ పేరు పెట్టుకుని మెయిల్ పంపింది. పెద్దాయనది జీమెయిల్. యాహూ చెప్పినట్టే జీమెయిల్ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. గెలాక్సీ రకం గ్రానైట్ స్లాబులు 2 సెంటీమీటర్లవి రేటెంత అని అడిగిన ఎంక్వైరీ అది.

వాళ్లబ్బాయి టెస్ట్ చేసినప్పుడల్లా ఎందుకొచ్చిందంటే, ఆ అబ్బాయి నింపింది కంపెనీ సొంత డొమైన్ అడ్రస్‌తో. జీమెయిల్ అడ్రస్‌తో నింపి చూస్తే స్పామ్ ఫోల్డర్‌లో దొరికింది. యాహూ అడ్రస్‌తో నింపితే అసలు ఆనవాలే లేదు. మూడూ పక్కపక్కన పెట్టి చూపించాక పెద్దాయనకి విషయం పూర్తిగా అర్థమైంది. వార్సాలో ఉన్న మనిషి పేరు పంపినవారి చోట రాసి, కవరు మాత్రం ఒంగోలు పోస్టాఫీసులో వేస్తే, ముద్ర చూసినవాళ్లకి అనుమానం రాకుండా ఉండదు కదా.

సరిచేయడం తేలిక. ఫ్రమ్ గడిలో మీ డొమైన్ మీద నిజంగా తెరిచిన అడ్రస్ ఒకటి పెట్టండి, ఎంక్వైరీ@ అనో ఆర్డర్స్@ అనో. ఫారం నింపినవాళ్ల అడ్రస్ రిప్లై-టు (జవాబు ఎవరికి పోవాలో చెప్పే) హెడర్‌లో పెట్టండి. మెయిల్ పైన ఉండే ఇలాంటి వివరాల వరుసల్నే హెడర్లంటారు. కాంటాక్ట్ ఫారం 7 అనే ప్లగిన్ వాడేవాళ్లకి మెయిల్ ట్యాబ్‌లో ఫ్రమ్ గడి, దాని కింద సబ్జెక్టు గడి, ఆ తర్వాత అదనపు హెడర్ల గడి ఉంటాయి. రిప్లై-టు రాయాల్సింది ఆ అదనపు హెడర్ల గడిలో. మిగతా ఫారం ప్లగిన్లు చాలావాటిలో రిప్లై-టుకి విడిగా గడి ఉంటుంది. కస్టమర్ పేరు కళ్లకి కనపడాలనుకుంటే సబ్జెక్టులో పెట్టుకోండి: "ఎంక్వైరీ: ఫలానా వారు, గెలాక్సీ స్లాబులు" అని. పెద్దాయన సైటులో నేను చేసింది ఇంతే. రిప్లై నొక్కితే కొనేవాళ్లకే పోతుంది, మెయిల్ మాత్రం కంపెనీ పేరుతో వస్తుంది.

మెయిల్ ఏ దారిన పంపాలి

హోస్టింగ్ సర్వర్ బదులు, మెయిల్ సర్వర్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయి పంపే ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే పద్ధతి) దారి కావాలి. ఆ పని చేసే ప్లగిన్లు ఉన్నాయి: డబ్ల్యూపీ మెయిల్ ఎస్‌ఎమ్‌టీపీ, ఫ్లూయెంట్ ఎస్‌ఎమ్‌టీపీ, పోస్ట్ ఎస్‌ఎమ్‌టీపీ. ఏదైనా ఒక్కటే పెట్టండి. రెండు పెడితే ఏది గెలిచిందో వెతుక్కోవడమే పనవుతుంది. ఇది పెట్టాక సైటులో డబ్ల్యూపీ_మెయిల్ గుండా పోయే ప్రతి మెయిలూ ఈ దారిలోనే పోతుంది, ఫారం ప్లగిన్‌లో మళ్లీ ఏమీ మార్చక్కర్లేదు.

ఎవరి ఎస్‌ఎమ్‌టీపీ అనేది మీ సైటు నుంచి ఎన్ని మెయిళ్లు పోతాయన్న దాన్నిబట్టి ఉంటుంది. రోజుకి నాలుగైదు ఎంక్వైరీలొచ్చే సైటుకి, మీ డొమైన్ మీద ఇప్పటికే డబ్బు కట్టి వాడుతున్న గూగుల్ వర్క్‌స్పేస్ లేదా జోహో మెయిల్‌బాక్స్ సరిపోతుంది. ఆర్డర్లు, ఓటీపీలు, బిల్లులు పోయే సైటుకి ఆ పనికే ఉన్న సర్వీసు తీసుకోండి: అమెజాన్ ఎస్ఈఎస్, బ్రెవో, పోస్ట్‌మార్క్, జోహో జెప్టోమెయిల్ లాంటివి. ఎస్ఈఎస్‌కి ముంబై రీజియన్ ఉంది, కానీ కొత్త అకౌంట్‌ని మొదట కట్టడిలో ఉంచుతారు: 24 గంటలకి 200 మెయిళ్లే, అవి కూడా ముందుగా ధ్రువీకరించిన అడ్రసులకే. కట్టడి తీయమని అర్జీ పెట్టుకోవాలి. సైటు ప్రారంభోత్సవం ముందురోజు కాకుండా కాస్త ముందే పెట్టుకోండి.

ఉచిత జీమెయిల్ అకౌంట్‌తో పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. పంపొచ్చు, కానీ రోజుకి 500 మందికి మించి పోదు. ఆ అకౌంట్‌లో ముందుగా చేర్చి ధ్రువీకరించని అడ్రస్ ఏది ఫ్రమ్‌లో పెట్టినా జీమెయిల్ దాన్ని లాగిన్ అయిన అకౌంట్ అడ్రస్‌గా మార్చేస్తుంది. సొంత డొమైన్ ఉన్న షాపు జీమెయిల్ పేరుతో ఆర్డర్ మెయిల్ పంపడం నాకు నచ్చదు. అయినా ప్రస్తుతానికి అదే దారి అనుకుంటే, మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది ఇవ్వాలి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఓనరు ఎప్పుడైనా తన గూగుల్ పాస్‌వర్డ్ మార్చుకుంటే పాత యాప్ పాస్‌వర్డులన్నీ రద్దైపోతాయి. ఆ నిమిషం నుంచి సైటు మెయిళ్లు ఆగిపోతాయి. అందుకే ఆయనకి ముందే చెప్పి ఉంచండి.

పోర్టు సంగతికొస్తే, 587 గానీ 465 గానీ వాడండి. 587లో మొదట మామూలుగా కలిసి తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది, 465లో మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్. పోర్టు 587 ఇచ్చి 465కి ఉండాల్సిన ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే కనెక్షన్ కుదరదు, సెట్టింగుల్లో ఎక్కువగా దొర్లేది ఇదే. 25 సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు, మనది కాదు, చాలాచోట్ల దాన్ని మూసేసే ఉంచుతారు. కొన్ని హోస్టింగులు 587, 465 కూడా మూసేస్తాయి. అప్పుడు టెస్ట్ మెయిల్ పంపితే చాలాసేపు తిరిగి తిరిగి టైమ్‌అవుట్ అంటుంది. అలాంటి చోట సర్వీసు వాళ్ల ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే దారి) వాడండి, అది మామూలు వెబ్ దారి 443లోనే పోతుంది.

పాస్‌వర్డ్‌ని అడ్మిన్ స్క్రీన్‌లో టైప్ చేస్తే డేటాబేస్‌లోకి పోతుంది, డేటాబేస్ బ్యాకప్ ఎవరి చేతికి చిక్కినా అదీ పోయినట్టే. మంచి ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్లలో దాన్ని వర్డ్‌ప్రెస్ సెట్టింగులుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో కాన్‌స్టంట్‌గా పెట్టుకునే వీలుంటుంది. అక్కడ పెట్టండి.

డొమైన్‌లో మూడు రికార్డులు

దారి మార్చినంత మాత్రాన అయిపోలేదు. ఈ సర్వీసు నా తరఫునే పంపుతోంది అని మీ డొమైన్ చెప్పాలి. దానికి డొమైన్ డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాలు అందరికీ చెప్పే పట్టిక) లాగిన్ కావాలి, మన ఊళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. డొమైన్ కొన్నది మేనల్లుడు, వాడిప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, వాడి పాత ఈమెయిల్ పాస్‌వర్డ్ వాడికే గుర్తులేదు. మెయిల్ పని మొదలుపెట్టకముందే డొమైన్ అకౌంట్‌ని ఓనరు పేరు మీదికి, ఓనరు ఫోన్ నంబరు మీదికి మార్పించండి. నేను డబ్బు గురించి మాట్లాడకముందే దీని గురించి మాట్లాడతాను.

మొదటిది ఎస్‌పీఎఫ్. నా డొమైన్ తరఫున ఏయే సర్వర్లు పంపొచ్చు అని చెప్పే టీఎక్స్‌టీ రికార్డు (డీఎన్‌ఎస్‌లో రాసే మాటల వరుస). ఒక డొమైన్‌కి ఇది ఒక్కటే ఉండాలి. వర్క్‌స్పేస్‌కి ఒకటి, ఎస్‌ఎమ్‌టీపీ సర్వీసుకి ఇంకొకటి అని రెండు పెడితే రెండూ చెల్లవు. ఉన్నదాంట్లోనే రెండో సర్వీసుని ఇన్‌క్లూడ్ అని కలపాలి. అలా కలుపుకుంటూ పోవడానికీ హద్దుంది: లోపల జరిగే డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటితే ఆ రికార్డు పనిచేయదు. వాడటం మానేసిన సర్వీసుల పేర్లు తీసేస్తుండండి.

రెండోది డీకిమ్. పంపే సర్వీసు ప్రతి మెయిల్ మీదా ఒక డిజిటల్ సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని సరిచూసుకునే తాళంచెవి మీ డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. సర్వీసు వాళ్లిచ్చిన పేరూ విలువా యథాతథంగా అతికించాలి. ఇక్కడ రెండుచోట్ల చూసుకోండి. చాలా డీఎన్‌ఎస్ ప్యానెళ్లు పేరు చివర డొమైన్‌ని వాటంతటవే తగిలిస్తాయి. మీరూ రాస్తే డొమైన్ పేరు రెండుసార్లు వచ్చి రికార్డు ఎవరికీ దొరకదు. ఇక 2048 బిట్ల తాళంచెవి, రికార్డులో ఒక ముక్కకి ఉండే 255 అక్షరాల హద్దులో ఇమడదు, ముక్కలుగా పెట్టాలి. కొన్ని ప్యానెళ్లు తామే చేసుకుంటాయి, కొన్ని చివరి భాగాన్ని చెప్పాపెట్టకుండా కోసేస్తాయి. సేవ్ చేశాక మళ్లీ తెరిచి చివరి అక్షరం దాకా ఉందో లేదో చూడండి.

మూడోది డీమార్క్. పై రెండూ తప్పితే ఏం చేయాలో అవతలి సర్వర్‌కి చెప్పేది ఇది. యాహూ పెట్టిందని పైన చెప్పింది ఇదే. మొదట పాలసీ "నన్" (ఏమీ చేయొద్దు) అని పెట్టి, రిపోర్టులు పంపాల్సిన అడ్రస్ ఇవ్వండి. కొన్ని వారాలు రిపోర్టులు చూసి, మీ తరఫున పంపే ప్రతిదీ పాసవుతోందని నమ్మకం కుదిరాక "క్వారంటైన్" (స్పామ్‌లో వేయండి), ఆ తర్వాత "రిజెక్ట్" (తిప్పికొట్టండి). మొదటిరోజే రిజెక్ట్ పెడితే అకౌంటెంట్ వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మెయిళ్లు కూడా ఆగిపోవచ్చు.

ఎస్‌పీఎఫ్ పాసయ్యింది కదా, అయినా డీమార్క్ ఫెయిల్ అంటోందేంటి అని నన్ను అడుగుతుంటారు. మెయిల్‌కి పంపినవారి అడ్రసులు రెండుంటాయి. ఒకటి కళ్లకి కనపడే ఫ్రమ్. రెండోది రిటర్న్-పాత్, చేరకపోతే తిరిగి రావాల్సిన అడ్రస్. ఎస్‌పీఎఫ్ చూసేది రెండోదాన్ని. హోస్టింగ్ సర్వర్ నేరుగా పంపినప్పుడు రిటర్న్-పాత్‌లో తరచుగా ఆ సర్వర్ పేరే ఉంటుంది, దానికి ఎస్‌పీఎఫ్ చక్కగా పాసవుతుంది, కానీ పాసైంది హోస్టింగ్ కంపెనీ డొమైన్, మీది కాదు. డీమార్క్ అడిగేది ఫ్రమ్‌లో ఉన్న డొమైన్‌తో ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఒక్కటైనా సరిపోలాలని. కాబట్టి మీ డొమైన్ పేరుతో డీకిమ్ సంతకం పడేలా చూసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో కఠినంగా ఉంటున్నాయి. జీమెయిల్‌కి పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా ఉండాలి. రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి మూడూ ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వద్దనుకునే వీలుండాలి, స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. మన సైట్లు 5,000 దాటవు. అయినా మూడూ పెట్టుకోండి, పెట్టడానికి డబ్బేమీ అక్కర్లేదు.

ప్లగిన్ రాసేవాళ్లకి

ముందు సేవ్ చేయండి, తర్వాత పంపండి. ఫారం రాగానే డేటాబేస్‌లో ఒక వరుసగా రాసి, ఆ తర్వాతే డబ్ల్యూపీ_మెయిల్‌ని పిలవండి. మెయిల్ అనేది కబురు మాత్రమే, అసలు ఎంక్వైరీ డేటాబేస్‌లో ఉండాలి. కాంటాక్ట్ ఫారం 7 తనంతట తాను సేవ్ చేయదు. ఆ రచయితే చేసిన ఫ్లమింగో అనే ప్లగిన్ కూడా పెట్టుకుంటే సేవ్ అవుతుంది. చీమకుర్తి ఎంక్వైరీలు అంతకుముందు ఎన్ని పోయాయో ఇప్పుడెవరూ చెప్పలేరు, ఎక్కడా రాసి లేవు కాబట్టి. ఆ పెద్దాయన మొహం చూశాక సేవ్ చేయని ఫారం నేను ఏ సైటులోనూ ఉంచలేదు.

పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్‌ని నేరుగా పిలవకండి. పిలిస్తే సైటు ఓనరు పెట్టుకున్న ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌ని దాటేసి మీ మెయిల్ ఒక్కటే పాత దారిలో పోతుంది. అలాగే పీహెచ్‌పీమెయిలర్ కాపీ ఒకటి మీ ప్లగిన్‌లో మోసుకెళ్లకండి. 2016 డిసెంబరులో ఆ లైబ్రరీలో, సర్వర్‌ మీద బయటివాళ్లు తమ కోడ్ నడిపించుకోగల లోపం బయటపడింది. లైబ్రరీ వాళ్లు వెంటనే సరిచేశారు, కానీ ప్లగిన్ల లోపల పడి ఉన్న పాత కాపీలు వాటంతటవి మారవు కదా. వర్డ్‌ప్రెస్‌తో వచ్చేది వర్డ్‌ప్రెస్‌తోపాటే కొత్తదవుతుంది, అదే వాడండి.

సైటు మొత్తానికి వర్తించే ఫిల్టర్లు వేసి వదిలేయకండి. మీ ఒక్క మెయిల్ హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పోవాలని డబ్ల్యూపీ_మెయిల్_కంటెంట్_టైప్ ఫిల్టర్ వేసి తీయకపోతే, సైటులోని అన్ని మెయిళ్లూ హెచ్‌టీఎమ్‌ఎల్ అయిపోతాయి. పాత వర్డ్‌ప్రెస్ వెర్షన్లలో పాస్‌వర్డ్ మార్చుకునే లింకుని కోణపు బ్రాకెట్ల మధ్య పెట్టేవాళ్లు. హెచ్‌టీఎమ్‌ఎల్‌గా పోతే అదేదో ట్యాగ్ అనుకుని మెయిల్ యాప్ దాన్ని చూపించేది కాదు. ఎక్కడో వేసిన ఫిల్టర్ వల్ల ఓనరు తన సైటులోకి తానే వెళ్లలేకపోయేవాడు. మీ మెయిల్ హెడర్లలోనే కంటెంట్-టైప్ రాసి పంపండి, యూటీఎఫ్-8 అని కూడా అక్కడే రాయండి. ఫ్రమ్ విషయంలోనూ అంతే, ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌లో ఓనరు ఎంచుకున్నదాన్ని మీరు తొక్కేయకండి.

ఫారంలో వచ్చిన ఏ మాటనీ నేరుగా హెడర్‌లో పెట్టకండి. పేరు గడిలో కొత్త లైను గుర్తు దాచి, దాని వెనక బీసీసీ (ఇతరులకి కనపడని కాపీ) అని వంద అడ్రసులు పెట్టేవాళ్లున్నారు. ఈమెయిల్‌ని శానిటైజ్_ఈమెయిల్‌తో, పేరుని శానిటైజ్_టెక్స్ట్_ఫీల్డ్‌తో శుభ్రం చేస్తే కొత్త లైన్లు పోతాయి. హెచ్‌టీఎమ్‌ఎల్ మెయిల్ ఒంట్లో పెట్టే ప్రతి మాటనీ ఈఎస్‌సీ_హెచ్‌టీఎమ్‌ఎల్ గుండా పంపండి.

షాపు పేరు సబ్జెక్టులో పెట్టేటప్పుడు ఒక చిన్న చిక్కుంది. సైటు పేరుని వర్డ్‌ప్రెస్ హెచ్‌టీఎమ్‌ఎల్‌కి తగ్గట్టు మార్చి దాచుకుంటుంది. ఉదయగిరి స్పూన్ల షాపు పేరులో & గుర్తు ఉంది. ఆర్డర్ మెయిల్ సబ్జెక్టులో ఆ గుర్తు వెనకే ఏఎంపీ అని మూడు అక్షరాలు, సెమీకోలన్ తగులుకుని వచ్చేవి. డబ్ల్యూపీ_స్పెషల్‌చార్స్_డీకోడ్ గుండా పంపితే మామూలుగా వస్తుంది. చిన్నదే, కానీ డబ్బు కట్టిన కస్టమర్ మొదట చదివే లైను అది.

తెలుగు సబ్జెక్టులు ధైర్యంగా వాడండి. డబ్ల్యూపీ_మెయిల్ వాటిని సరిగ్గా ఎన్‌కోడ్ చేసి పంపుతుంది, చతురస్రాలు రావు. జాగ్రత్త పడాల్సింది పొడవు తగ్గించేటప్పుడు. తెలుగులో ఒక్కో సంకేతానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు. "శ్రీ" అని మనం ఒక్క అక్షరంగా చూసేది కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. సబ్జెక్టుని 60 బైట్ల దగ్గర కోయమంటే సంకేతం మధ్యలో తెగి చివర పిచ్చిగుర్తు మిగలొచ్చు. బైట్లు కాకుండా సంకేతాలు లెక్కపెట్టే ఎంబీ ఫంక్షన్లు వాడినా పొల్లు దగ్గర తెగి ఒత్తు పోవచ్చు. కోయాల్సివస్తే ఖాళీ ఉన్నచోట, పదం చివర కోయండి.

అటాచ్‌మెంట్‌కి వెబ్ లింకు ఇస్తే పనిచేయదు, సర్వర్‌లో ఫైలు ఉన్న పూర్తి పాత్ ఇవ్వాలి. స్లాబుల ఫోటోలు, పెద్ద కేటలాగ్ పీడీఎఫ్‌లు అటాచ్ చేయకుండా సైటులో పెట్టి లింకు పంపండి. జీమెయిల్ 25 ఎంబీకి మించి పంపనివ్వదు, చిన్నవైనా ఫోన్‌లో చదివేవాళ్లకి బరువే.

కస్టమర్‌కి కూడా ఒక కాపీ పంపే సౌకర్యం పెట్టేముందు ఆలోచించండి. ఫారంలో ఎవరి అడ్రస్ టైప్ చేస్తే వాళ్లకి మీ సైటు మెయిల్ పంపుతుంది. బాట్లు దీన్ని వాడుకుని, ముక్కూమొహం తెలియనివాళ్లకి మీ డొమైన్ పేరుతో చెత్త పంపిస్తాయి. వాళ్లు స్పామ్ అని నొక్కితే చెడ్డపేరు మీ డొమైన్‌కి. ఆ కాపీ కావాలంటే అందులో ఫారంలో రాసిన మాటలు పెట్టకుండా, "మీ ఎంక్వైరీ అందింది" అన్న మీ సొంత వాక్యాలే పెట్టండి. మనుషులకి కనపడని గడి ఒకటి ఫారంలో దాచి, అది నిండివస్తే పక్కన పడేయండి. ఒకే ఐపీ నుంచి గంటకి ఇన్నే అని హద్దు పెట్టండి.

కావలిలో ఒక కోచింగ్ సెంటర్ సైటులో, టెస్ట్ షెడ్యూల్ మారిందని పిల్లలందరి అడ్రసులూ ఒకే "టు"లో పెట్టి పంపే ప్లగిన్ చూశాను. ప్రతి పిల్లకీ మిగతా అందరి ఈమెయిళ్లూ కనపడ్డాయి. ఎవరి మెయిల్ వాళ్లకి విడిగా పోవాలి. అయితే బటన్ నొక్కిన రిక్వెస్టులోనే లూప్ పెట్టి వందల మెయిళ్లు పంపితే సగంలో సర్వర్ టైమ్‌అవుట్ అవుతుంది, ఎవరికి పోయిందో ఎవరికి పోలేదో తేలదు, మళ్లీ నొక్కితే కొందరికి రెండేసి పోతాయి. క్యూలో పెట్టి కొద్దికొద్దిగా పంపండి, పోయినదాని మీద పోయిందని గుర్తు పెట్టండి. వూకామర్స్‌తో వచ్చే యాక్షన్ షెడ్యూలర్ ఈ పని చక్కగా చేస్తుంది.

క్యూ పెట్టాక, వేళకి పనులు నడిపించే వర్డ్‌ప్రెస్ క్రాన్ సంగతి తెలిసి ఉండాలి. అది గడియారం చూసి నడవదు, ఎవరైనా సైటు తెరిచినప్పుడు నడుస్తుంది. రాత్రి పదిన్నరకి ఉదయగిరి సైటులో ఆర్డర్ పెట్టాక తెల్లవారేదాకా ఇంకెవరూ రాకపోతే, క్యూలో ఉన్న మెయిల్ కూడా తెల్లవారేదాకా అక్కడే ఉంటుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో ఆ క్రాన్‌ని ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్‌లో అసలు క్రాన్ జాబ్ పెట్టి అయిదు నిమిషాలకోసారి నడిపించండి.

ఇక విఫలమైనప్పుడు తెలియాలి. డబ్ల్యూపీ_మెయిల్_ఫెయిల్డ్ అనే హుక్ ఉంది, ఎస్‌ఎమ్‌టీపీ లాగిన్ కుదరకపోయినా, సర్వర్ తీసుకోకపోయినా అది కారణంతో సహా చెబుతుంది. దాన్ని పట్టుకుని డేటాబేస్‌లో ఆ ఎంక్వైరీ పక్కనే రాయండి, అడ్మిన్ తెర మీద ఎర్రగా కనపడేలా పెట్టండి. మెయిల్ పోలేదన్న సంగతిని మెయిల్‌లోనే చెప్పే ప్లగిన్లు చూశాను, అది ఎవరికీ ఉపయోగపడదు. అవతలి సర్వర్ తర్వాత వెనక్కి కొట్టినవి మాత్రం ఈ హుక్‌కి తెలియవు. వాటికోసం సర్వీసు డాష్‌బోర్డు చూడాలి, లేదా వాళ్లు ఆ కబురు పంపే వెబ్‌హుక్‌ని ప్లగిన్‌కి కలపాలి.

అప్పగించేముందు

ఫారాన్ని మీ సొంత డొమైన్ అడ్రస్‌తో నింపి వచ్చింది కదా అని వదలకండి. ఒకసారి జీమెయిల్ అడ్రస్‌తో, ఒకసారి యాహూ అడ్రస్‌తో, తెలుగులో పేరు రాసి, ఆఫీసు వైఫై కాకుండా ఫోన్ డేటా మీద నింపండి. వచ్చిన మెయిల్‌ని కంప్యూటర్‌లో జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కండి. పైన చిన్న పట్టికలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని ఉండాలి. డీకిమ్ పక్కన కనిపించే డొమైన్ మీదే అయి ఉండాలి, సర్వీసు వాళ్లది కాదు. తర్వాత రిప్లై నొక్కి, "టు"లో ఫారం నింపిన అడ్రస్ వచ్చిందో లేదో చూడండి. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని కూడా నొక్కి ఆ లింకు వచ్చేదాకా ఉండండి. ఆఖరున ఎస్‌ఎమ్‌టీపీ పాస్‌వర్డ్‌లో కావాలనే ఒక అక్షరం తప్పుగా మార్చి ఫారం నింపండి: ఎంక్వైరీ డేటాబేస్‌లో ఉండాలి, పక్కన ఎర్ర గుర్తు రావాలి. వచ్చాక పాస్‌వర్డ్ సరిచేసి, ఆ ఎంక్వైరీని మళ్లీ పంపే బటన్ ఓనరు చేతే నొక్కించి చూపించండి.